నిప్పు రుచి చూసే వంటవాడితో హైటెక్ సిటీకి

మా వీధిలో హైదరాబాదు చూడని ఇల్లు లేదు. పెళ్ళిళ్ళకి వెళ్ళారు, పరీక్షలకి వెళ్ళారు, కంటి ఆపరేషన్లకి వెళ్ళారు. మొగుడికి నిప్పు తినిపించడానికి వెళ్ళినదాన్ని మాత్రం నేనొక్కదాన్నే. తిరిగొచ్చిన దగ్గర్నుంచి నన్ను కుట్టుమిషను ముందు కూర్చోనివ్వడం లేదు. జాకెట్టు ఆది ఇవ్వడానికి వచ్చినావిడ కూడా గుడ్డ పక్కన పడేసి, "ముందు ఆ సంత సంగతి చెప్పండి వరలక్ష్మి గారూ" అంటోంది. నోటితో చెబుతుంటే రోజుకో రకంగా వస్తోంది. మొన్న మా ఆయన మింగిన మంట జానెడు. నిన్నటికి మూరెడయింది. వచ్చే వారానికి కొబ్బరిచెట్టంత అవుతుందని భయమేసి, ఉన్నది ఉన్నట్టు రాసి పెడుతున్నాను.

ముందు మా ఆయన సంగతి. పేరు సత్తిబాబు. సామర్లకోట దగ్గర మా ఊళ్ళో మోపెడ్లు బాగుచేసే షెడ్డు ఉంది. షెడ్డు పెట్టకముందు పాతికేళ్ళపాటు తీర్థాల్లో, జాతర్లలో నిప్పు తినే ఆట ఆడారు. మండుతున్న కాగడాని నోట్లోకి దించుకుని, నోరు మూసి ఆర్పేసే ఆట. పక్కన తడి గోనెపట్టా పట్టుకుని నేను నిలబడేదాన్ని. లెక్క నాది. మా నాన్న ధాన్యం కొలిచేవారు. కొలిచేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. నాకూ ఆ అలవాటే వచ్చింది. లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు. అయిదు అనగానే ఆయన నోరు మూసేవారు. ఇంట్లో నా మాట ఎన్నడూ వినని మనిషి అక్కడ మాత్రం భలే వినేవారు.

నాలుగేళ్ళ క్రితం ఒక తీర్థంలో ఆయన పైపెదవి కాలింది. అడిగినవాళ్ళందరికీ "గాలి తిరిగింది" అని చెప్పారు. నేనూ తలూపాను. ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి నిజం రాయాలి. ఆ రోజు గాలి లేదు. పొద్దున్న చుట్టాల ముందు నా పులుసులో బెల్లం ఎక్కువైందన్నారని నేను ఆయనతో మాట మానేశాను. సాయంత్రం ఆటలో నాలుగు దాకా లెక్కపెట్టి, కాస్త ఉడకనీ అని కావాలనే ఆగాను. ఎంతసేపు? రెప్ప వేసి తెరిచేటంత. అయిదు అనేసరికే కాలిపోయింది. ఆ తర్వాత ఇంక లెక్కపెట్టనని ఖండితంగా చెప్పేశాను. ఆయన ఎందుకని అడగలేదు, కాగడాలు అటకెక్కించారు. నాలుగేళ్ళుగా ఆ మచ్చ ఎదురుగా కూర్చుని అన్నం తింటుంటే నాకు ముద్ద దిగేది కాదు. చెప్పాలని వందసార్లు అనుకుని వందసార్లు మింగేశాను.

అలాంటి సమయంలో హైదరాబాదు నుంచి శ్రీజ అనే అమ్మాయి ఫోను చేసింది. వేడుకలు జరిపించడం ఆమె పని. హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్ళు ఉద్యోగుల కుటుంబాల కోసం రినైసాన్స్ ఫెయిర్ పెడుతున్నారట. అంటే, అయిదారు వందల ఏళ్ళ కిందటి ఐరోపా సంతని ఇప్పుడు వేషాలు కట్టి మళ్ళీ ఆడటం. అమెరికాలో ఇది పెద్ద సరదా అట. కత్తియోధులు, రాణులు, గారడీవాళ్ళు అందరూ దొరికారు గానీ నిప్పు తినేవాడు దొరకలేదు. ఎవరో పెట్టిన పాత వీడియోలో మా ఆయన్ని చూసింది. ఆయన నా వైపైనా చూడకుండా "వస్తామమ్మా" అనేశారు. నేనొకటే షరతు పెట్టాను. "అంతమంది ఇంజనీర్లున్నారు కదండీ అక్కడ, అయిదు దాకా లెక్కపెట్టేవాడు ఒక్కడైనా ఉండడా? నేను మాత్రం పెట్టను." ఆయన అటక మీంచి కాగడాలు దించుకున్నారు.

లింగంపల్లి నుంచి కూకట్‌పల్లికి

రైలు దిగి ఆటో ఎక్కాం. ఆటో నడిపే యాదగిరికి మా రేకుపెట్టె మీద అనుమానమొచ్చింది.

"పెట్టెల ఏమున్నదమ్మా, గింత బరువున్నది?"

"నిప్పు తినే సామానయ్యా."

బండి ఆపినంత పని చేశాడు. మా ఆయన్ని అద్దంలో కిందికీ పైకీ చూశాడు. "గదేంది పెద్దాయనా! హైదరాబాద్‌ల తిననీకి బిర్యానీ దొర్కలేదా నీకు?"

మా ఆయన గంభీరంగా "అరగదు" అన్నారు.

మదీనాగూడ దగ్గర దారికి రెండువైపులా దుకాణాలే దుకాణాలు. పరుపులు, పట్టుచీరలు, పళ్ళ డాక్టర్లు, మళ్ళీ పరుపులు. ఇన్ని పరుపులు కొంటున్నవాళ్ళు నిద్రపోతున్నారా అంటే, సిగ్నల్ దగ్గర బైకుల మీద ఒక్కో మొహం చూస్తే నాకైతే నమ్మకం కలగలేదు. "ఈడ అన్నీ దొర్కుతయమ్మా, బండి ఆపుకోనీకి జాగ ఒక్కటే దొర్కది" అన్నాడు యాదగిరి. దింపాక కిరాయి తీసుకుని, "జర పైలం పెద్దాయనా, మూతి కాల్చుకోకు" అని నవ్వుకుంటూ వెళ్ళాడు. ఆయనా నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

కేపీహెచ్‌బీలో మా పిన్ని కూతురు కనకం కర్రీ పాయింట్ నడుపుతోంది. మేము దిగింది వాళ్ళింట్లోనే. మా ఊళ్ళో సాయంత్రం ఒకింట్లో పొయ్యి వెలగకపోతే పక్కింటివాళ్ళు వచ్చి ఒంట్లో బాగానే ఉందా అని అడుగుతారు. ఇక్కడ ఏడయ్యేసరికి మెడలో ఆఫీసు బిళ్ళలు వేలాడుతున్న జనం కనకం కొట్టు ముందు బారులు తీరారు. అన్నం కుక్కర్ ఇంట్లో, మిగతాదంతా కనకం దగ్గర. పప్పు పొట్లం ముప్ఫై, వేపుడు నలభై, గోంగూర మాంసం అడిగితే "అయిపోయిందండీ, రేపు ముందే ఫోన్ చెయ్యండి" అని గదమాయింపు. మా కోస్తా యాసలన్నీ ఆ వరసలో వినపడ్డాయి. కాకినాడ, భీమవరం, తెనాలి. రైలెక్కి పన్నెండు గంటలు ప్రయాణం చేసి మళ్ళీ మా వీధి చివరికే వచ్చినట్టుంది.

"బావగారికి కారం తగ్గించి పెట్టమంటావా అక్కా?" అంది కనకం.

"మంట తినే మనిషికి కారమెంతే!" అన్నాను. ఆయన గోంగూర ముద్ద నోట్లో పెట్టుకుని మంచినీళ్ళు, మంచినీళ్ళు అన్నారు.

హైటెక్ సిటీ, గాజు గేటు

రెండో రోజు కంపెనీకి వెళ్ళాం. మా ఊరి గుడికి నాలుగు ద్వారాలున్నా ఎవరూ ఆపరు. ఇక్కడ ఒక్క గుమ్మం దాటడానికి ముగ్గురు కాపలావాళ్ళు, ఒక ఫొటో, ఒక యంత్రం. ఆ యంత్రంలో మేమెందుకొచ్చామో నొక్కాలి. ఇంటర్వ్యూ, మీటింగు, డెలివరీ, రిపేరు, క్యాటరింగు. ఈ అయిదే ఉన్నాయి. నిప్పు తినడం లేదు. కాపలా అతను చాలాసేపు ఆలోచించి, "తినేదే కదా సార్" అని క్యాటరింగు నొక్కాడు. మా ఆయన మెడలో క్యాటరింగు అని బిళ్ళ పడింది. ఆ మూడు రోజులూ అది తీయలేదాయన. స్నానానికి వెళ్ళేటప్పుడు మాత్రం మేకుకి జాగ్రత్తగా తగిలించేవారు.

శ్రీజ పరిగెత్తుకుంటూ వచ్చింది. సంగారెడ్డి పిల్ల, పాతికేళ్ళుంటాయి. సొంతంగా ఒప్పుకున్న మొదటి వేడుకట ఇది. ఒక చెవిలో ఫోను, ఇంకో చెవిలో పెన్సిలు. "ఆంటీ, అంకుల్, జర ఇట్ల కూసోండ్రి. టిఫిన్ అయిందా?" అంటూనే కథ చెప్పింది. ఒక వీరుడు ఉంటాడు. రాజకుమారిని విడిపించడానికి డ్రాగన్ కక్కే మంటని మింగేస్తాడు. ఆ వీరుడు మా ఆయన.

వేషం తెచ్చారు. మెడ చుట్టూ అప్పడాల దొంతరలా లేసు, ముంజేతులకి కుచ్చులు, గడ్డానికి దూది గడ్డం, కాళ్ళకి అతుక్కుపోయే పొడుగు మేజోళ్ళు. అవి తొడుక్కుని మా ఆయన బయటికొస్తే నాకు మా ఊరి చేలో కొంగ గుర్తొచ్చింది. కుర్రకారు మర్యాదకి చప్పట్లు కొట్టారు. నేను కత్తెర అడిగాను.

"మంట దగ్గర లేసేమిటమ్మా? దూది గడ్డమేమిటి? ఆయనతో పాటు రాజకుమారీ అంటుకుంటుంది." పావుగంటలో లేసు, కుచ్చులు, గడ్డం నేలమీదున్నాయి. అద్దెకి తెచ్చిన బట్టలని శ్రీజ గుండె పట్టుకుంది. మళ్ళీ నేనే కుట్టి పెడతానన్నాక ఊపిరి పీల్చుకుంది. ఇంతా చేసి చూస్తే వీరుడు పోయాడు. మిగిలింది నల్లకోటు, బక్క కాళ్ళు, మెడలో క్యాటరింగు బిళ్ళ.

అప్పుడే నాకు తట్టింది. "వీరుడెందుకమ్మా, వంటవాణ్ణి చెయ్యి. డ్రాగన్‌కి రోజూ మంట వండి పెట్టే వంటవాడు. వడ్డించేముందు రుచి చూస్తాడు. ఉప్పు చాలదంటాడు. మళ్ళీ చూస్తాడు, ఎక్కువైందంటాడు. చివరికి కుండెడు మంటా తనే తినేస్తాడు."

శ్రీజ పెన్సిలు చెవి నుంచి తీసి రాసుకోవడం మొదలెట్టింది. మా ఆయన నన్ను అదోలా చూశారు. రుచులకి వంకలు పెట్టే వేషం ఆయనకి వెతుక్కోకుండా దొరికింది మరి.

ఇంక లెక్క. పెద్ద తెర మీద అంకెలు వస్తాయి, మైకులో శ్రీజ చెబుతుంది, జనమంతా కలిసి అరుస్తారు. లోపల మంట పెట్టనివ్వరు కాబట్టి వెలిగించని కాగడాతోనే చేసి చూశాం. ఆయన తల వెనక్కి వాల్చారు, నోరు తెరిచారు. శ్రీజ గట్టిగా "అయిదు!" అంది. ఆయన టక్కున నోరు మూసేశారు.

"అంకుల్, ఇంకా నాలుగు, మూడు, రెండు, ఒకటి ఉన్నయ్ కదా!"

"అయిదంటే అయిపోయినట్టే కదమ్మా మా దాంట్లో."

"మాకు అయిదంటే షురూ అంకుల్. ఏది మొదలుపెట్టినా ఉల్టానే లెక్కపెడ్తం."

మళ్ళీ చేశారు, మళ్ళీ అయిదుకే మూశారు. మూడోసారీ అంతే. నాకు నవ్వాగలేదు. పాతికేళ్ళ అలవాటు, బుర్రలో మేకులా దిగబడిపోయింది పాపం అనుకున్నాను.

ప్రగతి నగర్, చెరువు పక్కన

మూడో రోజు పొద్దున్నే ప్రగతి నగర్ చెరువు దగ్గర శ్రీజ వాళ్ళ మేనమామ ఖాళీ స్థలంలో నిజం మంటతో చేశాం. ఇది చదివి ఎవరూ అగ్గిపెట్టె తీయకండి. మా ఆయన గురువు దగ్గర ఆరేళ్ళు ఉత్త కాగడాయే నమిలారు. ఇద్దరు మనుషులు ఇసుక బకెట్లతో, నేను గోనెపట్టాతో నిలబడ్డాం. చెరువు చుట్టూ నడిచేవాళ్ళు గుంపుగా చేరారు. మా ఊళ్ళో పొద్దున్నే నడిచేవాడు పొలానికి వెళతాడు. వీళ్ళు చేతి గడియారం చూసుకుంటూ బయల్దేరిన చోటికే తిరిగొస్తారు.

నాలుగేళ్ళ తర్వాత ఆ మంట చూశాను. గోనెపట్టా దగ్గరికి లాక్కున్నాను. ఆయన కాగడా పైకెత్తారు, తల వాల్చారు. శ్రీజ "అయిదు!" అంది. అంతే, మంట ఇలా లోపలికెళ్ళింది, అలా ఆరిపోయింది.

తెల్లబూట్ల పెద్దమనిషి ఒకాయన ముందుకొచ్చి, "అయిపోయిందా? గింతేనా?" అన్నాడు.

రెండోసారి అదే. మూడోసారి జనం వెళ్ళిపోవడం మొదలెట్టారు. మా ఆయన వెర్రినవ్వు ఒకటి నవ్వుతూ కాగడా దులుపుకుంటున్నారు. నన్ను ఎవరేమన్నా పడతాను గానీ ఆ నవ్వు చూడలేకపోయాను. వేల మంది చేత నోళ్ళు తెరిపించిన మనిషాయన.

శ్రీజ నా దగ్గరికొచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "ఆంటీ, రేపే ఫెయిర్. నాకు మస్తు పరేషాన్ అయితుంది. ఆ వీడియోల మీరు లెక్కపెడ్తుంటే అంకుల్ మంచిగ చేసిండు కదా. ఒక్కసారి ఆంటీ."

గొంతు బాగోలేదన్నాను. మైకు పడదన్నాను. ఆయన గోనెపట్టా మడతపెడుతూ, "వద్దులేమ్మా, ఆవిణ్ణి బలవంతం చెయ్యకు. నేను షెడ్డులో మోపెడ్లు విప్పుకుంటాను. ఇంకోణ్ణి చూసుకో" అన్నారు. కోపంగా కాదు, మామూలుగా. ఆ మామూలే నన్ను చంపింది. పెదవి కాల్చింది చాలక ఆట కూడా లాగేసుకున్నానా అనిపించింది.

"నేనే పెడతాను" అన్నాను. "కానీ నాకు కింది నుంచి పైకే వచ్చు."

సంత

నాలుగో రోజు సాయంత్రానికి కంపెనీ పచ్చికంతా ఐరోపా అయిపోయింది. అట్టముక్కల కోట, ఎండుగడ్డి మోపులు, రంగు జెండాలు. యోధులు కవచాల మీద కూడా ఆఫీసు బిళ్ళలు వేసుకున్నారు, లేకపోతే గేటు దాటనివ్వరట. ఒక రాజుగారు సింహాసనం మీద లాప్‌టాప్ తెరిచి, "రెండు నిమిషాలు, ప్రొడక్షన్‌లో ఇష్యూ" అని ఎవరినో బతిమాలుకుంటున్నారు. అమెరికాలో ఇలాంటి సంతల్లో టర్కీకోడి కాలు పట్టుకుని తింటూ తిరుగుతారట. ఇక్కడ కోడికాలు కాల్చిన తంగడీ కబాబు ఒక్కొక్కటి నూట ఎనభై, పక్కన నిమ్మకాయ ఉల్లిపాయ చక్రాలు. తేనె మద్యం అని రాసిన పీపాలో పానకం పోశారు. మిరియం తక్కువైంది. మా ఆయన నాకంటే ముందే అనేశారు ఆ మాట.

చీకటి పడేవేళకి మా వంతు వచ్చింది. వంటవాడు తల మీద తెల్లటోపీతో, మెడలో క్యాటరింగు బిళ్ళతో వేదిక ఎక్కగానే జనం గొల్లుమన్నారు. చిన్న కాగడా నాలిక మీద ఇలా తాకించి, మొహం చిట్లించి, "ఉప్పు చాల్లేదు" అన్నారు. ఇంకోటి తాకించి, "బెల్లమెక్కువైంది" అన్నారు. అది మేమనుకున్న మాట కాదు. జనం పడీపడీ నవ్వారు. గోనెపట్టాతో నిలబడ్డ నాకు మాత్రం ఆనాటి పులుసు గుర్తొచ్చింది.

చివర పెద్ద కాగడా. శ్రీజ నా చేతిలో మైకు పెట్టింది. ఆయన తల వాల్చారు.

"లాభం" అన్నాను. జనం అదేదో మంత్రమనుకుని "లాభం!" అని అరిచారు.

"రెండు. మూడు. నాలుగు."

ఆ వెలుగులో పెదవి మీద మచ్చ కనపడింది. నా గొంతు పట్టేసింది. నిజంగా పట్టేసింది, ఈసారి పంతం కాదు. నోరు తెరిచాను, మాట రాలేదు. మైకులో నా ఊపిరి ఒక్కటే వినపడుతోంది. వందలమంది ఊపిరి బిగపట్టారు. గోనెపట్టా పట్టుకుని ఒక అడుగు వేశాను.

ఆయన నోరు మూసేశారు. ఎప్పుడూ మూసే చోటే, ఎప్పుడూ మూసే క్షణానే. మళ్ళీ తెరిస్తే కాస్త పొగ. "ఇప్పుడు సరిపోయింది" అన్నారు. ఆ తర్వాత చప్పట్లతో, ఈలలతో ఏమీ వినపడలేదు. శ్రీజ నన్ను కావలించుకుని ఎగిరింది. ఆ అమ్మాయికి లెక్క తప్పిన సంగతే తెలియదు. కావాలనే ఆపాననుకుందట, "మస్త్ సస్పెన్స్ పెట్టిన్రు ఆంటీ" అంది.

మెట్రో

తిరుగు రైల్లో ఇద్దరికీ సీట్లు దొరికాయి. అమీర్‌పేటలో దిగి రైలు మారితే కేపీహెచ్‌బీ. దుర్గం చెరువు దాటాం. మాదాపూర్ దగ్గర నేను మొదలెట్టాను.

"ఆ రోజు గాలి తిరగలేదండీ. నేనే కావాలని ఆగాను."

"తెలుసు."

"తెలుసా?"

"ఆకు కూడా కదల్లేదు ఆ రోజు" అన్నారు, కిటికీలోంచి చూస్తూ.

నాలుగేళ్ళు గుండెలో పెట్టుకున్నదాన్ని ఆయన అంత తేలిగ్గా తెలుసు అనేశారు. తర్వాత ఇంకోటి వెలిగింది. "ఇవాళ నేను అయిదు అననే లేదు. మీరే మూసుకున్నారు."

"ఊఁ."

"అంటే మీకు తెలుస్తుందన్నమాట ఎప్పుడు మూయాలో. మొదట్నుంచీ తెలుసన్నమాట. చెరువు దగ్గర మూడుసార్లూ నాటకమే!"

"ఆ అమ్మాయి బాగానే లెక్కపెడుతుంది. నువ్వు రావాలి కదా మరి."

"మరి ఆ రోజెందుకు మూయలేదు? కాలుతుంటే ఎందుకు తెరుచుకుని కూర్చున్నారు?"

బిళ్ళ తాడు వేలికి చుట్టుకుంటూ విప్పుతూ ఉన్నారు. తర్వాత మెల్లగా అన్నారు. "పొద్దుట్నుంచీ నాతో ఒక్క మాట లేదు నువ్వు. లాభం నుంచి నాలుగు దాకా జనం కోసం అంటావు. అయిదొక్కటే నాకోసం. అంటావులే అని చూశాను."

నాకు ఏడుపొచ్చింది, అంతకంటే ముందు ఒళ్ళు మండింది. నాలుగేళ్ళు ముద్ద దిగకుండా నేను మోసిన తప్పులో సగం ఈయనదా! "మూతి కాలుతున్నా పంతమేనా?" అని గట్టిగానే అన్నాను. ఎదుటి సీట్లో కుర్రాడు చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి మరీ చూశాడు.

"నువ్వు పట్టింది ఏంటో?" అన్నారాయన.

ఇంక అక్కణ్ణుంచి మొదలైంది. పులుసు, బెల్లం, ఆ రోజొచ్చిన చుట్టాలు, ఆస్పత్రిలో రాసిచ్చిన మందు, అటకెక్కిన కాగడాలు, ఒకరికి చెప్పకుండా ఒకరం మేలుకుని పడుకున్న రాత్రులు. తిట్టుకున్నాం, నవ్వుకున్నాం, నేను ముక్కు తుడుచుకున్నాను, ఆయన తుడుచుకోలేదని బుకాయించారు. ఎంతకీ తెమలలేదు. ఎవరో భుజం తట్టి, "అమ్మా, దిగుండ్రి, ఆఖరి స్టేషన్" అంటే తలెత్తి చూశాం. నాగోలు వచ్చేసింది. అమీర్‌పేట ఎప్పుడు దాటిపోయిందో ఇద్దరికీ తెలియదు.